ఈఈజీ గదిలో పని: తల కొలవడం నుంచి రికార్డు చేతికివ్వడం దాకా

ఈఈజీ మిషను ఎంత ఖరీదుదైనా అది చేసేది ఒక్కటే. తల మీద అంటించిన బిళ్ళల (ఎలక్ట్రోడ్ల) దగ్గరికి వచ్చిన మెదడు కరెంటును పెద్దది చేసి గీస్తుంది. ఆ కరెంటు మామూలుగా వంద మైక్రోవోల్టుల లోపే. అదే గదిలో గోడ సాకెట్టులో ఉన్నది 230 వోల్టులు. బిళ్ళ సెంటీమీటరు పక్కకు జరిగినా, దాని కింద కొబ్బరినూనె మిగిలిపోయినా, ఎర్తు సరిగా లేకపోయినా గీతల్లో మెదడుది కానిది చేరిపోతుంది. న్యూరాలజిస్టు ఎంత పెద్ద డాక్టరైనా గీతల్లో పడనిదాన్ని చదవలేడు. పడిన తప్పును మాత్రం జబ్బుగా చదివే ప్రమాదం ఉంది. లేని మూర్ఛ పేరు ఒకసారి కాగితం మీదికెక్కితే ఏళ్ళ తరబడి మాత్రలు మింగాలి, కుదిరిన పెళ్ళి సంబంధం చెడుతుంది, డ్రైవరు ఉద్యోగం పోతుంది. అందుకే ఈ పనిలో మిషను కన్నా ముందు నేర్వాల్సినవి టేపు, దూది, పేస్టు.

నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు ఆస్పత్రుల్లో న్యూరో విభాగంలో పనిచేయాలనుకునే పిల్లల కోసం, చేరి ఏడాది రెండేళ్ళయినా ఇంకా తడబడుతున్నవాళ్ళ కోసం రాసినది ఇది.

చదువు

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకు దారి సులువు. పారామెడికల్ బీఎస్సీ కోర్సుల్లో న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ, అంటే మెదడు, నరాల పరీక్షలు చేసే చదువు, ఒకటి. మూడేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో ఈ డిగ్రీలు ఎక్కువగా విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి. తిరుపతి స్విమ్స్ తనకు తానే విశ్వవిద్యాలయం. డిప్లొమాలు పారామెడికల్ బోర్డు కింద ఉంటాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ తిరువనంతపురం శ్రీచిత్రలోనూ ఈ రంగానికే ప్రత్యేకమైన కోర్సులున్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసే దరఖాస్తు పెట్టాలి. ఇలాంటి పారామెడికల్ (అలైడ్ హెల్త్) వృత్తులకు దేశమంతటికీ ఒకే కమిషన్ ఉండేలా 2021లో చట్టం వచ్చింది. గుర్తింపు లేని సంస్థ ఇచ్చే ఆరు నెలల సర్టిఫికెట్‌కు డబ్బు పోసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాన్ని చూసి మోసపోవద్దు. మూడు ప్రశ్నలడగండి: ఇక్కడ రోజుకు ఎన్ని ఈఈజీలు జరుగుతాయి? రిపోర్టు రాసే న్యూరాలజిస్టు ఇక్కడే ఉంటారా, వారానికోసారి వచ్చి పోతారా? నరాల పరీక్ష మిషను పనిచేస్తోందా, గుడ్డ కప్పి ఉందా? మూడోదానికి నీళ్ళు నమిలితే అక్కడ పని రాదు, పట్టా మాత్రమే వస్తుంది.

డాక్టరుగానే ఈ రంగంలోకి రావాలనుకుంటే దారి వేరు, పొడవు. నీట్ రాసి ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్ సర్జన్సీ ఏడాది, నీట్ పీజీతో జనరల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్ ఎండీ మూడేళ్ళు, నీట్ ఎస్ఎస్‌తో డీఎం న్యూరాలజీ మూడేళ్ళు. ఎక్కడా ఆగకుండా వెళ్తేనే పదకొండున్నరేళ్ళు. నెల్లూరులో ఏసీఎస్ఆర్ ప్రభుత్వ కళాశాల, నారాయణ, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఎంబీబీఎస్‌కు అందుబాటులో ఉన్నవే. ఆ దారిన వెళ్ళేవాళ్ళు కూడా ఒక నెల ఈఈజీ గదిలో కూర్చుని బిళ్ళలు పెట్టడం నేర్చుకుంటే తర్వాత రిపోర్టు రాసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ముందురోజే చెప్పాల్సినవి

ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషిని, తలకు నూనె ఉందని వెనక్కి పంపడం పాపం. అపాయింట్‌మెంటు ఇచ్చే రోజే ఈ మాటలు చెప్పాలి. చదువు రానివాళ్ళకు ఫోన్ చేసి ఇంకోసారి చెప్పాలి.

ముందురోజు సాయంత్రం షాంపూతో తలంటు పోసుకోవాలి. ఆ తర్వాత నూనె, కండిషనర్, జెల్ ఏదీ రాయకూడదు. కుంకుడుకాయ మంచిదే, కానీ జిడ్డంతా పోవాలంటే రెండుసార్లు రుద్దాలి. పూలు, పిన్నులు, సవరం వద్దు. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు మాత్రం మనకు వరం, పది నిమిషాల పని తగ్గుతుంది.

టిఫిన్ తినే రావాలి. రక్తపరీక్ష అలవాటుతో చాలామంది పరగడుపున వస్తారు. చక్కెర తగ్గితే అలలు నెమ్మదిస్తాయి, గట్టిగా ఊపిరి తీయించినప్పుడు ఆ నెమ్మది ఇంకా పెరుగుతుంది. అది జబ్బులా కనబడుతుంది. వాడుతున్న మాత్రలు ఆపకూడదు. డాక్టరు ప్రత్యేకంగా ఆపమంటే తప్ప, పరీక్ష ఉందని ఎవరికి వారు మాత్ర మానేస్తే దారిలోనే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

నిద్ర తగ్గించుకుని రమ్మని డాక్టరు రాస్తే, పెద్దవాళ్ళు రాత్రి నాలుగైదు గంటలకు మించి పడుకోకూడదు. కాఫీ, టీ మానాలి. బస్సులో కునుకు తీయకుండా పక్కన ఒకరు మాట్లాడిస్తూ రావాలి. లేకపోతే నిద్రంతా బస్సులోనే తీరిపోతుంది, గదిలో కళ్ళు మూతపడవు. ఇలా వచ్చినవాళ్ళు బైకు నడపకూడదు.

ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే తప్పకుండా తెమ్మనండి. అరనిమిషం వీడియో ఒక్కోసారి గంట రికార్డింగు కన్నా ఎక్కువ చెబుతుంది.

కాగితం నింపడం

బిళ్ళలు పెట్టకముందే రాయాల్సినవి: వయసు, ఏ చేతివాటం, చివరి ఫిట్స్ ఏ తేదీన ఎన్ని గంటలకు, మాత్రల పేర్లు, చివరి మాత్ర వేసుకున్న వేళ, చివరిసారి తిన్న వేళ, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, తలకు దెబ్బ గానీ ఆపరేషన్ గానీ అయిందా. ఆఖరిది చాలా ముఖ్యం. పుర్రెలో ఎముక తీసిన చోట అలలు ఎత్తుగా, మొనదేలి కనబడతాయి. మచ్చ ఎక్కడుందో బొమ్మ గీసి చూపకపోతే అది మూర్ఛ అలగా రిపోర్టులోకి వెళ్ళే వీలుంది.

ఫిట్స్ ఎలా వస్తాయని పేషెంటును కాదు, చూసినవాళ్ళను అడగాలి. "ఫిట్స్ వచ్చిందా" అంటే "వచ్చింది" అనేస్తారు. "ముందు ఏమైందమ్మా? తల ఏ వైపు తిరిగింది? ఏ చెయ్యి ముందు కొట్టుకుంది? ఎంతసేపటికి మాట్లాడాడు?" అని విడివిడిగా అడగాలి. గాలి సోకిందనో, పూనకమనో చెబితే నవ్వొద్దు, కొట్టిపారేయొద్దు. వాళ్ళు చెప్పిన మాటే రాసి, పక్కన చూసిన లక్షణాలు రాయండి.

టేపు పట్టడం

బిళ్ళలు పెట్టే చోట్లను టెన్-ట్వెంటీ పద్ధతి నిర్ణయిస్తుంది. కెనడా శాస్త్రవేత్త హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రచురించినది ఇదే. మనిషి తల ఎంత ఉన్నా, ఆ తల కొలతలో పదో వంతు, ఐదో వంతు దూరాల్లో బిళ్ళలుంటాయి. కంటి అంచనాతో పెట్టడం అలవాటైతే జీవితాంతం పోదు. అందుకే మొదటి యాభై తలలకైనా టేపు లేకుండా బిళ్ళ ముట్టొద్దు.

కావలసినవి మెత్తటి టేపు, చర్మం మీద రాసే మైనపు పెన్సిల్, సన్నపళ్ళ దువ్వెన, క్లిప్పులు. నాలుగు గుర్తులు చేత్తో తడిమి పట్టాలి: రెండు కళ్ళ మధ్య ముక్కు మొదట్లో పల్లం, తల వెనక మెడ పైన ఎముక బుడిపె, రెండు చెవుల ముందు నోరు తెరిచినప్పుడు వేలికి గుంట తగిలే చోట్లు. వెనక బుడిపె కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, స్పష్టంగా తగలదు. తల కాస్త పైకెత్తించి మెడ మీంచి వేలిని పైకి జరిపితే దొరుకుతుంది.

ముందు కొలత ముక్కు పల్లం నుంచి వెనక బుడిపె దాకా, నడినెత్తి మీదుగా. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. (ఎఫ్‌పీజెడ్, సీ3 లాంటివన్నీ బిళ్ళలు పెట్టే చోట్ల పేర్లు.) పదో వంతు 3.6. ముక్కు పల్లం నుంచి 3.6 దగ్గర ఎఫ్‌పీజెడ్, 10.8 దగ్గర ఎఫ్‌జెడ్, 18 దగ్గర సీజెడ్, 25.2 దగ్గర పీజెడ్, 32.4 దగ్గర ఓజెడ్. చివర మళ్ళీ 3.6 మిగలాలి. మిగలకపోతే టేపు ఎక్కడో వదులైంది.

రెండో కొలత చెవి నుంచి చెవికి, సీజెడ్ గుర్తు మీదుగా. 34 వస్తే 3.4 దగ్గర టీ3, 10.2 దగ్గర సీ3, 17 దగ్గర సీజెడ్, 23.8 దగ్గర సీ4, 30.6 దగ్గర టీ4. పాత సీజెడ్ గుర్తు, ఈ 17 ఒకచోట కలవాలి. రెండు గుర్తులూ కలిపి ప్లస్ ఆకారం వస్తేనే ముందుకు వెళ్ళాలి.

మూడో కొలత తల చుట్టూ, ఎఫ్‌పీజెడ్, టీ3, ఓజెడ్, టీ4 మీదుగా. 54 అయితే ఎడమవైపు ఎఫ్‌పీజెడ్ నుంచి 2.7కు ఎఫ్‌పీ1, 8.1కి ఎఫ్7, 13.5కు టీ3, 18.9కి టీ5, 24.3కి ఓ1, 27కు ఓజెడ్. కుడివైపు ఇవే అంకెలకు ఎఫ్‌పీ2, ఎఫ్8, టీ4, టీ6, ఓ2. బేసి అంకెలు ఎడమ, సరి అంకెలు కుడి, జెడ్ అంటే నడిమధ్య. ఎఫ్3ని ఎఫ్7, ఎఫ్‌జెడ్‌ల నడుమ, పీ3ని టీ5, పీజెడ్‌ల నడుమ పెట్టి, ఎఫ్‌పీ1 నుంచి ఓ1 దాకా సాగే వరసలోనూ సమదూరంలో ఉన్నాయో లేదో చూడాలి. కొత్త మిషన్లలో టీ3, టీ5లను టీ7, పీ7 అని రాస్తారు. పేరే మారింది, చోటు అదే.

తల మీద 19, చెవులకు రెండు, గ్రౌండ్ ఒకటి, అవసరమైతే మిగతావాటిని పోల్చుకునే రిఫరెన్స్ బిళ్ళ వేరే, గుండెకు రెండు. కణతల కింద కూడా బిళ్ళలు పెట్టి మొత్తం 25 చేయమని 2017 నుంచి అంతర్జాతీయ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సంఘం చెబుతోంది. పెద్దవాళ్ళ మూర్ఛల్లో కణత భాగంలో మొదలయ్యేవి ఎక్కువ కాబట్టి ఆ ఆరు బిళ్ళల కష్టం వృథా కాదు.

కొలత తప్పితే ఏమవుతుంది? ఎడమవైపు రెండు బిళ్ళలు సెంటీమీటరు దగ్గరైతే వాటి మధ్య తేడా తగ్గి, ఆ ఛానల్ (రెండు బిళ్ళల మధ్య తేడాను చూపే గీత) పొట్టిగా గీస్తుంది. కుడివైపు మామూలుగా ఉంటుంది. చదివేవాళ్ళకు ఎడమ మెదడు బలహీనంగా ఉన్నట్టు కనబడుతుంది. జడకొప్పు మీదుగా టేపు వేయడం దీనికి మామూలు కారణం. జుట్టు విప్పించి, పాయ తీసి, టేపు చర్మానికి ఆనాలి.

చర్మం, పేస్టు

గుర్తు పెట్టిన చోట జుట్టు పాయ తీసి, న్యూప్రెప్ లాంటి గరుకు జెల్‌ను దూదిపుల్లతో అద్ది, మూడు నాలుగుసార్లు ఒకే దిక్కుగా రుద్దాలి. నూనె తల అయితే ముందు స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి. రక్తం వచ్చేలా రుద్దడం పనితనం కాదు. చర్మం గీరుకుపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఇంపెడెన్స్ (బిళ్ళకూ చర్మానికీ మధ్య కరెంటుకు తగిలే అడ్డు) కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు.

బిళ్ళ గిన్నె నిండి అంచు మీద కాస్త ఉబ్బేలా టెన్20 లాంటి పేస్టు పెట్టాలి. నొక్కితే చుట్టూ పల్చగా వస్తే చాలు. ఎక్కువైతే పక్క బిళ్ళ పేస్టుతో కలిసిపోతుంది, అప్పుడు రెండూ ఒకటే బిళ్ళ అయినట్టు. ఆ రెండింటి మధ్య ఛానల్ దాదాపు చదునుగా గీస్తుంది. పైన రెండున్నర సెంటీమీటర్ల గాజుగుడ్డ ముక్క పెట్టి అదమాలి.

ఇంపెడెన్స్ 5 కిలో ఓముల లోపు ఉండాలి. కొత్త మిషన్లు 10 దాకా భరిస్తాయి. కానీ అంకె కన్నా ముఖ్యం అన్ని బిళ్ళలూ దగ్గర దగ్గరగా ఉండటం. ఒకటి 2, పక్కది 12 ఉంటే గోడలోని కరెంటు ఆ తేడాలోంచే లోపలికొస్తుంది. 100 ఓముల కన్నా తక్కువ వస్తే సంతోషించొద్దు, పేస్టులు కలిసిపోయాయని అర్థం. బంగారుపూత బిళ్ళలు, వెండి బిళ్ళలు ఒకే తలకు కలిపి వాడొద్దు. లోహాల తేడాతో బేస్‌లైన్, అంటే గీత కుదురుగా నిలవాల్సిన మట్టం, ఊగుతుంది.

కరెంటు, ఎర్తు, ఎండాకాలం

రోహిణి కార్తెలో వచ్చే ఫిర్యాదు ఒక్కటే: అన్ని ఛానళ్ళలోనూ దట్టమైన నల్లటి గీత. అది 50 హెర్ట్జ్ గోల, అంటే సెకనుకు 50 సార్లు ఊగే గోడ కరెంటుది. మిషను చెడిందనుకుని కంపెనీకి ఫోన్ చేసే ముందు ఆస్పత్రి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు గుంత చూపించండి. ఎండకు గుంతలో మట్టి ఎండిపోతే ఎర్తు పనిచేయదు. నీళ్ళు పోస్తే మర్నాటికి గీత పల్చబడటం తరచూ జరిగేదే.

తర్వాత వరసగా చూడాల్సినవి: గ్రౌండ్ బిళ్ళ ఊడిందా, మంచం పక్క సెల్‌ఫోన్ ఛార్జర్, మోటారుతో నడిచే మంచం, ఇన్‌ఫ్యూజన్ పంపు, పాత ట్యూబ్‌లైటు చోక్. బిళ్ళల తీగలన్నీ ఒక జడలా కలిపి తల వెనక నుంచి తీయాలి, కరెంటు తీగల మీద పడేయకూడదు. ఆ 50 హెర్ట్జ్‌ను కోసేసే నాచ్ ఫిల్టర్ ఆఖరి మందు. మొదటే నొక్కితే గీత అందంగా వస్తుంది గానీ, ఊడిన బిళ్ళ సంగతి తెలియకుండా పోతుంది.

ఏసీ 24 దగ్గర ఉంచండి. చెమట పడితే బేస్‌లైన్ నిదానంగా పడవలా ఊగుతుంది, రెండు మూడు సెకన్లకో అల. ఫ్యాను నేరుగా తీగల మీదికి తిరిగితే తీగలు కదిలి ఇంకో రకం అల వస్తుంది.

రికార్డింగు

సెట్టింగులు: మరీ నెమ్మది అలలను కోసే కింది ఫిల్టర్ 0.5 లేదా 1 హెర్ట్జ్, మరీ వేగమైనవాటిని కోసే పై ఫిల్టర్ 70, సెన్సిటివిటీ మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు, వేగం సెకనుకు 30 మిల్లీమీటర్లు. అంటే తెర మీద పేజీకి 10 సెకన్లు. సాంప్లింగు, అంటే మిషను కొలిచే సార్లు, సెకనుకు 256కు తగ్గకూడదు. మొదట మిషను సరిగా కొలుస్తోందో చూపే కాలిబ్రేషన్ తీసి, తర్వాత అన్ని ఛానళ్ళనూ ఒకే జత బిళ్ళలకు కలిపి అన్నీ ఒకేలా గీస్తున్నాయో చూడాలి.

కనీసం 20 నిమిషాలు శుభ్రమైన రికార్డు కావాలి, నిద్ర కూడా కావాలంటే ఇంకా ఎక్కువ. మొదటి ఐదు నిమిషాల్లోనే "పెద్దాయనా, కళ్ళు మూసుకోండి… ఇప్పుడు తెరవండి" అని పదేసి సెకన్ల చొప్పున నాలుగైదుసార్లు చేయించాలి. కళ్ళు మూస్తే తల వెనక 8 నుంచి 13 హెర్ట్జ్ అల్ఫా అల లేవాలి, తెరిస్తే అణగాలి. 1920లలో జర్మన్ డాక్టరు హాన్స్ బెర్గర్ మొట్టమొదట గమనించిన అల ఇదే. అది ఏ వేగంలో ఉందన్నదే రిపోర్టులో మొదటి వాక్యం అవుతుంది కాబట్టి, పేషెంటు మెలకువగా ఉండగానే ఇది అయిపోవాలి. కళ్ళు మూయించిన ప్రతిసారీ, మాట్లాడిన, దగ్గిన, కదిలిన ప్రతిసారీ ఆ క్షణంలోనే తెర మీద గుర్తు రాయాలి. తర్వాత రాద్దామనుకుంటే రాయరు.

గట్టిగా ఊపిరి తీయించడం మూడు నిమిషాలు. పిల్లల్లో ఉన్నట్టుండి చూపు నిలిచిపోయే రకం అనుమానమైతే ఐదు. పిల్లాడి చేతిలో కాగితపు గాలిచక్రం పెట్టి "తిప్పు నాయనా, ఆపొద్దు" అంటే చాలు. ఆపాక కనీసం ఒక నిమిషం రికార్డు కొనసాగాలి. ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్ళకు, మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకు, గుండెపోటు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్ రక్తజబ్బు, మోయామోయా (మెదడు రక్తనాళాలు సన్నబడే జబ్బు) ఉన్నవాళ్ళకు ఇది చేయించకూడదు. ఊపిరి ఎక్కువ తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, కారణం అదే. చేయించకపోతే ఎందుకు చేయించలేదో రాయాలి.

వెలుగు పరీక్షకు మిణుకుమనే దీపం ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, గదిలో లైటు తగ్గించాలి. 1 నుంచి 30 హెర్ట్జ్ దాకా మెట్టుమెట్టుగా, ఒక్కో మెట్టుకు పదేసి సెకన్లు. ఊపిరి పరీక్షకూ దీనికీ మధ్య మూడు నిమిషాలైనా ఎడం ఉండాలి. తెర మీద మెదడంతటా మొనదేలిన అలలు లేస్తే వెంటనే ఆపాలి. "ఇంకొంచెం స్పష్టంగా రానీ" అనుకుంటే ఫిట్స్ తెప్పించినవాళ్ళమవుతాం.

పసిపిల్లలకు మందుతో నిద్ర పుచ్చడం కన్నా, పాలు పట్టే వేళకు అపాయింట్‌మెంటు ఇచ్చి, బిళ్ళలు పెట్టాక తల్లి ఒడిలోనే పడుకోబెట్టడం మేలు. ట్రైక్లోఫాస్ లాంటి సిరప్ ఇవ్వాల్సివస్తే మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి. ఇచ్చాక పిల్లాడు మేలుకుని మామూలయ్యేదాకా పంపకూడదు.

పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మనుషుల్లో మొట్టమొదట 1937లో వైద్యపత్రికలో రాసింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ జబ్బు ముదిరితే వెన్నెముక, మెడ బిగుసుకుపోయి, ఎముక పెరిగి వెన్నుపామును, నరాల మొదళ్ళను నొక్కుతుంది. అలాంటివాళ్ళ మెడను బలంగా వంచడం, తలగడ తీసేసి పడుకోబెట్టడం చేయొద్దు. వాలు కుర్చీలో, మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టి తీయండి. మెడ కండరాలు సడలితే వెనక ఛానళ్ళ మీద కండరం గోల కూడా తగ్గుతుంది.

మెదడువి కాని అలలు

రెప్ప వేస్తే ముందు ఛానళ్ళలో పెద్ద గుంట. పన్ను బిగిస్తే కణతల దగ్గర దట్టమైన గరుకు గీత, నోరు కాస్త తెరవమంటే పోతుంది. వక్క నములుతూ కూర్చునేవాళ్ళున్నారు, ముందే ఉమ్మేసి రమ్మనండి. బిళ్ళ పట్టు సడలితే ఒక్కసారిగా నిట్టనిలువు మొన వస్తుంది. దీన్నే టకటకమనే పాప్ అంటారు. మెదడు నుంచి వచ్చిన మొన అయితే చుట్టుపక్కల బిళ్ళల్లో కూడా ఎంతో కొంత కనబడి, దూరం పోనుపోను తగ్గుతుంది. పాప్ ఆ ఒక్క బిళ్ళ ఉన్న ఛానళ్ళలోనే ఉంటుంది, పక్కింటికి పోదు. అనుమానం వస్తే లేచి వెళ్ళి బిళ్ళ తీసి మళ్ళీ పేస్టు పెట్టండి. మొన పోతే అది పాపే. ఫిల్టర్ తగ్గించి దాచడం కన్నా పెద్ద తప్పు ఈ గదిలో లేదు. కండరం గోలను పై ఫిల్టర్‌తో కోస్తే, మిగిలిన ముక్కలు అచ్చం మూర్ఛ మొనల్లా కనబడతాయి.

లావుపాటి మెడవాళ్ళకు గుండె కొట్టుకోవడం కూడా ఈఈజీలో దిగుతుంది. గుండె ఛానల్ పెట్టి ఉంటే రెండూ ఒకే వేళకు పడుతున్నాయని తేలిపోతుంది. ఆ రెండు బిళ్ళలు పెట్టడానికి బద్ధకించొద్దు.

గదిలోనే ఫిట్స్ వస్తే

రికార్డింగు ఆపొద్దు. ఈవెంట్ మీట నొక్కి, గడియారం చూసి, గట్టిగా కేకేసి నర్సును పిలవండి. పేషెంటును పక్కకు తిప్పండి, మంచం కమ్ములు ఎత్తండి, దుప్పటి తీసేయండి, వీడియోలో ఒళ్ళు కనబడాలి. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ పెట్టొద్దు, చేతులు బలంగా అదిమి పట్టొద్దు. తోడు వచ్చినవాళ్ళు తాళాలగుత్తి చేతిలో పెట్టబోతారు. కోప్పడకుండా పక్కన నిలబెట్టండి. ఆక్సిజన్, సక్షన్ గదిలో ఎక్కడున్నాయో, పనిచేస్తున్నాయో ప్రతి ఉదయం చూసుకోవాల్సింది ఇందుకే. ఐదు నిమిషాలు దాటితే అత్యవసరం, డాక్టరు మందు ఇవ్వాల్సిందే.

ఈలోగా పేరు అడగండి, రెండు చేతులూ ఎత్తమనండి, "నిమ్మకాయ" లాంటి ఒక మాట చెప్పి గుర్తుంచుకోమనండి. తేరుకున్నాక ఆ మాట అడగండి. చెప్పగలిగాడా లేదా, ఏ చెయ్యి ముందు లేచింది, మాట ఎన్ని సెకన్లకు వచ్చింది అన్నవి ఏ మిషనూ రాయదు.

ఐసీయూలో బ్రెయిన్ డెత్ ప్రశ్న వచ్చినప్పుడు మన చట్టం ప్రకారం నిర్ధారణ నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు చేసే పరీక్షలతో జరుగుతుంది. ఈఈజీ తప్పనిసరి కాదు. అయినా అడిగితే, సెన్సిటివిటీ మిల్లీమీటరుకు 2 మైక్రోవోల్టులకు పెంచి, బిళ్ళల మధ్య కనీసం 10 సెంటీమీటర్ల దూరంతో, 30 నిమిషాలు తీయాలి. ఇంపెడెన్స్ 100 ఓములకు తగ్గకూడదు, 10 వేలు దాటకూడదు. బంధువులతో ఫలితం మీరు మాట్లాడొద్దు, ఒక్క మాట కూడా.

నరాల పరీక్ష

ఈఈజీ వచ్చినవాళ్ళకు నరాల కండక్షన్ పరీక్ష (చిన్న షాక్ ఇచ్చి నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసేది) కూడా అప్పగిస్తారు. షుగర్ పేషెంట్లు, అరచేతి తిమ్మిరి, కుష్ఠు వల్ల మోచేతి దగ్గర నరం లావెక్కినవాళ్ళు ఎక్కువ వస్తారు. ఇక్కడ జరిగే తప్పుల్లో సగం చల్లదనానివే. ఈఈజీ కోసం వేసిన ఏసీలో అరగంట కూర్చున్న చెయ్యి చల్లబడుతుంది. ఒక డిగ్రీ తగ్గితే వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు పడిపోతుంది. చేతి చర్మం 32 డిగ్రీలు, కాలు 30 డిగ్రీల పైన ఉంటేనే మొదలుపెట్టాలి. లేకపోతే గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తుడిచి తీయాలి.

వేగం లెక్క చిన్నదే. మోచేతి దగ్గర ఇచ్చిన షాక్‌కు జవాబు 7.6 మిల్లీసెకన్లకు, మణికట్టు దగ్గర ఇచ్చినదానికి 3.6కు వచ్చిందనుకోండి. తేడా 4. రెండు చోట్ల మధ్య దూరం 22 సెంటీమీటర్లయితే వేగం సెకనుకు 55 మీటర్లు. టేపు వదులై 23 అని రాస్తే 57.5 వస్తుంది. చెయ్యి మడిచి షాక్ ఇచ్చి, చాపి కొలిస్తే ఇలాంటి తప్పే. ముఖ్యంగా మోచేతి దగ్గర అల్నార్ నరానికి రెండూ మడిచిన చేతితోనే చేయాలి. షాక్‌ను జవాబు ఇక పెరగని చోటికి పెంచి, అక్కడి నుంచి ఇంకో 20 శాతం పెంచాలి. పేషెంటు మొహం చూసి జాలిపడి తగ్గిస్తే, బాగున్న నరం కూడా చెడినట్టు గీస్తుంది. "చిన్న చురుకు తగులుద్దమ్మా, భయపడబాకండి" అని ముందే చెబితే చాలామంది ఓర్చుకుంటారు. గుండెకు బయటి నుంచి తాత్కాలిక పేస్‌మేకర్ తీగలున్నవాళ్ళకు ఈ పరీక్ష చేయకూడదు. లోపల అమర్చిన పరికరాలున్నవాళ్ళకు డాక్టరును అడిగి చేయాలి.

పేషెంటు వెళ్ళాక

బిళ్ళలను లాగొద్దు. గోరువెచ్చని నీళ్ళు అద్దిన దూదితో పేస్టు మెత్తబరచి తీయండి. తీగను కాదు, బిళ్ళను పట్టుకుని తీయాలి, లేకపోతే లోపల తీగ తెగుతుంది, బయటికి కనబడదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో గిన్నెలోని పేస్టంతా పోయేదాకా కడగాలి. బ్లీచింగు ద్రావణం బంగారుపూతను తినేస్తుంది, కంపెనీ చెప్పిన ద్రావణమే వాడాలి. నరాల పరీక్షలో కండరంలో గుచ్చే సూదిని ఒకరికి వాడాక ఇంకొకరికి వాడొద్దు.

ఫైలు పేరులో నంబరు, తేదీ తప్పక ఉండాలి. మన దగ్గర ఒకే రోజు ఇద్దరు సుబ్బారెడ్లు, ముగ్గురు వెంకటమ్మలు రావడం మామూలే. టెక్నీషియన్ కాగితం చివర "మెలకువ 14 నిమిషాలు, నిద్ర 9 నిమిషాలు, ఊపిరి పరీక్ష బాగా చేశాడు, టీ4 బిళ్ళ 11వ నిమిషంలో మార్చాను" అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపండి. పేషెంటు "ఏమొచ్చింది సార్?" అంటే "డాక్టరు గారు చూసి చెబుతారండీ" అనాలి, తెర మీద మొన ఎంత స్పష్టంగా కనబడినా సరే. తల మీద మిగిలిన పేస్టు మామూలు నీళ్ళకే పోతుందని, ఇంటికెళ్ళాక నూనె రాసుకోవచ్చని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.